కనీస వేతనాల పెంపు - యువ కార్మికులపై ప్రభావం

కనీస వేతనం అనగా యజమాని కార్మికునికి చట్టప్రకారం తప్పనిసరిగా చెల్లించవలసిన అతి తక్కువ వేతనం. దీనిని గంటకు, రోజుకు లేదా నెలకు ఇంత అని నిర్ణయిస్తారు. ఈ వేతనాన్ని పెంచినపుడు దాని ప్రభావం అన్ని వయసుల వారి మీద ఒకే విధంగా ఉండదు. కొత్తగా పనిలో చేరినవారు, అనుభవం లేనివారు, చదువుకుంటూ కొన్ని గంటలు మాత్రమే పనిచేసేవారు కనీస వేతనానికి దగ్గరగా ఉంటారు. వీరిలో ఎక్కువమంది యువతీయువకులే. అందువలన కనీస వేతనం పెంపు వలన మేలు జరిగినా కీడు జరిగినా అది మొదట యువ కార్మికులలోనే కనబడుతుందని ఆర్థిక శాస్త్రవేత్తలు భావిస్తారు.

వేతనం పెరిగితే యువకుల ఆదాయం పెరుగుతుందని ఒక వాదన. వేతనం పెరిగితే యజమానులు అనుభవం లేనివారిని పనిలో పెట్టుకోవడం మానివేస్తారని, ఆ విధంగా మొదటి ఉద్యోగం అనే తలుపే మూసుకుపోతుందని మరొక వాదన. ఈ రెండింటిలో ఏది నిజమన్న విషయంపై 1940ల నుండి నేటివరకు పరిశోధనలు జరుగుతూనే ఉన్నాయి.

యువ కార్మికులు అంటే ఎవరు?

ఐక్యరాజ్య సమితి గణాంకాలలో 15 నుండి 24 సంవత్సరాల వయసు వారిని యువతగా లెక్కిస్తారు. భారతదేశపు శ్రామిక సర్వేలలో 15 నుండి 29 సంవత్సరాల వారిని ఈ వర్గంలో చేర్చుతారు. అమెరికాలో జరిగిన పరిశోధనలు ఎక్కువగా 16 నుండి 19 సంవత్సరాల వారికి పరిమితమైనవి. కాబట్టి ఒక దేశపు ఫలితాన్ని మరొక దేశంతో పోల్చేటపుడు ఏ వయసువారిని లెక్కించారో చూడడం అవసరం.

అమెరికాలో గంటల లెక్కన వేతనం పొందేవారిలో 25 ఏళ్ళలోపు వారు సుమారు ఐదవ వంతు మాత్రమే. కాని ఆ దేశపు సమాఖ్య కనీస వేతనం లేదా అంతకంటె తక్కువ పొందేవారిలో వారి వాటా సగానికి దగ్గరగా ఉంటున్నది.

చరిత్ర

వేతనాల విషయంలో ప్రభుత్వం జోక్యం చేసుకొనే చట్టం మొదట 1894లో న్యూజిలాండ్‌లో వచ్చింది. 1896లో ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రం వేతన మండళ్ళను ఏర్పాటు చేసింది. బ్రిటన్‌లో 1909లో ట్రేడ్ బోర్డుల చట్టం వచ్చింది. అమెరికాలో మొదటి రాష్ట్ర చట్టాన్ని 1912లో మసాచుసెట్స్ చేసింది. అది స్త్రీలకు, బాలలకు మాత్రమే వర్తించేది. దేశమంతటికీ వర్తించే ఫెయిర్ లేబర్ స్టాండర్డ్స్ చట్టంపై అధ్యక్షుడు ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్ 1938 జూన్ 25న సంతకం చేశాడు. అపుడు నిర్ణయించిన వేతనం గంటకు 25 సెంట్లు. అదే చట్టం బాల కార్మికుల నియామకంపై కూడా ఆంక్షలు విధించింది.

అంతర్జాతీయ కార్మిక సంస్థ 1928లో కనీస వేతన నిర్ణయ విధానంపై 26వ ఒడంబడికను, 1970లో 131వ ఒడంబడికను ఆమోదించింది. 26వ ఒడంబడికను భారతదేశం 1955లో ధ్రువీకరించింది.

ఆర్థిక సిద్ధాంతాలు

సంపూర్ణ పోటీ

మార్కెట్టులో సంపూర్ణ పోటీ ఉన్నదనుకుంటే వేతనం శ్రమకు గల గిరాకీ, సరఫరాల వలన నిర్ణయమవుతుంది. ఆ సమతౌల్య వేతనం కంటె ఎక్కువగా కనీస వేతనాన్ని నిర్ణయిస్తే యజమానులు తక్కువ మందిని నియమించుకుంటారు, పని కోరేవారు మాత్రం పెరుగుతారు. ఈ రెంటికీ మధ్య తేడాయే నిరుద్యోగం. ఒక కార్మికుని ఉత్పాదకత వేతనం కంటె తక్కువగా ఉంటే అతనికి పని దొరకదు. అనుభవం లేని యువకుల ఉత్పాదకత మొదట్లో తక్కువగా ఉంటుంది కనుక నష్టపోయేది వారేనని ఈ సిద్ధాంతం చెబుతుంది. అమెరికా ఆర్థికవేత్త జార్జి స్టిగ్లర్ 1946లో ప్రచురించిన వ్యాసంలో ఈ వాదాన్ని వివరించాడు.

మోనాప్సనీ

ఒక ప్రాంతంలో పనివారిని పెట్టుకొనే యజమాని ఒక్కడే అయినా, లేదా కార్మికులు ఒక చోటు వదలి మరొక చోటికి సులభంగా పోలేకపోయినా యజమానికి వేతనాన్ని తగ్గించే శక్తి వస్తుంది. ఇటువంటి మార్కెట్టును మోనాప్సనీ అంటారు. ఇక్కడ యజమాని మరొకరిని చేర్చుకోవాలంటే పాతవారి వేతనం కూడా పెంచవలసి వస్తుంది, అందుచేత ఖాళీలను భర్తీ చేయకుండా ఉంచుతాడు. చట్టం ఒక వేతనాన్ని నిర్ణయించినపుడు ఈ ఇబ్బంది తొలగిపోయి ఉద్యోగాలు పెరిగే అవకాశం కూడా ఉన్నది. ఇంటికి దగ్గరలోనే పని వెతుక్కొనే విద్యార్థుల విషయంలో ఈ సిద్ధాంతానికి బలం ఎక్కువ. అయితే వేతనాన్ని ఒక హద్దు దాటి పెంచితే ఇక్కడ కూడా ఉద్యోగాలు తగ్గుతాయి.

వ్యాకోచత్వం

వేతనం ఒక శాతం పెరిగినపుడు ఉద్యోగాలు ఎంత శాతం మారుతాయో తెలిపే కొలతను గిరాకీ వ్యాకోచత్వం అంటారు. దీనిని ఒక ఉదాహరణతో తెలుసుకొనవచ్చు.

ఒక పట్టణంలో 1000 మంది యువకులు రోజుకు 100 రూపాయల చొప్పున పనిచేస్తున్నారనుకుందాం. వారికి అందే మొత్తం 1,00,000 రూపాయలు. వేతనాన్ని 10 శాతం పెంచి 110 రూపాయలు చేశారు.

* వ్యాకోచత్వం -0.2 అయితే 20 మంది పని కోల్పోతారు. మిగిలిన 980 మందికి అందే మొత్తం 1,07,800 రూపాయలు.
* వ్యాకోచత్వం -1.5 అయితే 150 మంది పని కోల్పోతారు. మిగిలిన 850 మందికి అందే మొత్తం 93,500 రూపాయలు.

మొదటి సందర్భంలో యువకులకు మొత్తం మీద లాభం, రెండవ సందర్భంలో నష్టం. అయితే మొదటి సందర్భంలో కూడా ఆ 20 మందికి పూర్తి నష్టమే. 980 మందికి కలిగిన లాభం ఆ 20 మందికి చేరదు. వివాదమంతా ఈ వ్యాకోచత్వం ఎంత అన్నదానిపైన, ఆ 20 మంది ఎవరన్నదానిపైన నడుస్తున్నది.

అమెరికా అనుభవం

తొలి అంచనాలు

అమెరికా కాంగ్రెసు 1977లో ఏర్పాటు చేసిన కనీస వేతన అధ్యయన సంఘం 1981లో తన నివేదికను సమర్పించింది. ఆ కృషిలో పాల్గొన్న చార్లెస్ బ్రౌన్, కర్టిస్ గిల్‌రాయ్, ఆండ్రూ కోహెన్ 1982లో అప్పటివరకు వచ్చిన పరిశోధనలను సమీక్షించారు. కనీస వేతనం 10 శాతం పెరిగితే 16-19 ఏళ్ళ వారి ఉద్యోగాలు 1 నుండి 3 శాతం తగ్గుతాయని వారు తేల్చారు. 1992లో డేవిడ్ న్యూమార్క్, విలియం వాషర్ రాష్ట్రాల వారీ గణాంకాలతో చేసిన పరిశోధనలోనూ ఇదే స్థాయి ఫలితం (1 నుండి 2 శాతం) వచ్చింది.

న్యూజెర్సీ - పెన్సిల్వేనియా పరిశోధన

1992 ఏప్రిల్ 1న న్యూజెర్సీ రాష్ట్రం కనీస వేతనాన్ని గంటకు 4.25 డాలర్ల నుండి 5.05 డాలర్లకు పెంచింది. పక్కనే ఉన్న పెన్సిల్వేనియాలో 4.25 డాలర్లే కొనసాగింది. డేవిడ్ కార్డ్, అలన్ క్రూగర్ అనే ఆర్థికవేత్తలు ఈ రెండు ప్రాంతాలలోని 410 ఫాస్ట్‌ఫుడ్ హోటళ్ళను పెంపుకు ముందు ఒకసారి, తరువాత ఒకసారి విచారించారు. యువకులు ఎక్కువగా పనిచేసేది ఇటువంటి చోట్లనే కనుక వీటిని ఎంచుకున్నారు. ఒక్కొక్క హోటలులో పూర్తికాలపు లెక్కన పనివారి సగటు ఈ విధంగా ఉన్నది.

* న్యూజెర్సీ: ముందు 20.4, తరువాత 21.0
* పెన్సిల్వేనియా: ముందు 23.3, తరువాత 21.2

వేతనం పెరగని చోట పనివారు తగ్గారు, పెరిగిన చోట తగ్గలేదు. రెండు మార్పుల మధ్య తేడా సుమారు 2.8 మంది. ఈ విధంగా మార్పుల మధ్య తేడాను లెక్కించడం వలన దేశమంతటా ఉన్న ఆర్థిక మాంద్యం వంటి ఉమ్మడి కారణాల ప్రభావం తొలగిపోతుంది. 1994లో ప్రచురితమైన ఈ ఫలితం ఆర్థికవేత్తలలో పెద్ద వివాదాన్ని లేపింది. టెలిఫోను ద్వారా సేకరించిన సమాచారం సరిగా లేదని, జీతాల రికార్డులను చూస్తే ఉద్యోగాలు తగ్గినట్లు కనబడుతున్నదని న్యూమార్క్, వాషర్ 2000లో వాదించారు. కార్డ్, క్రూగర్ అదే సంవత్సరం ప్రభుత్వ రికార్డులతో మళ్ళీ లెక్కించి, చెప్పుకోదగిన తగ్గుదల లేదని సమాధానమిచ్చారు.

శ్రామిక ఆర్థిక శాస్త్రంలో చేసిన కృషికి డేవిడ్ కార్డ్ 2021లో ఆర్థిక శాస్త్ర నోబెల్ బహుమతిలో సగభాగం పొందాడు. క్రూగర్ 2019లోనే మరణించాడు.

తరువాతి పరిశోధనలు

2010లో అరింద్రజిత్ దూబే, విలియం లెస్టర్, మైకేల్ రైక్ రాష్ట్ర సరిహద్దుకు ఇరువైపులా ఉన్న కౌంటీలను పోల్చి ఉద్యోగాలలో తగ్గుదల కనబడలేదని తెలిపారు. 2019లో దూబే మరి ముగ్గురితో కలిసి 1979-2016 మధ్య జరిగిన 138 రాష్ట్ర స్థాయి పెంపులను పరిశీలించాడు. కొత్త కనీస వేతనానికి దిగువన మాయమైన ఉద్యోగాల సంఖ్య, ఆ వేతనం వద్ద, దానికి కొంచెం పైన కొత్తగా కనబడిన ఉద్యోగాల సంఖ్య దాదాపు సమానమని వారు కనుగొన్నారు.

సియాటిల్ నగరం 2014లో వేతనాన్ని దశలవారీగా 15 డాలర్లకు పెంచే శాసనం చేసింది. 2016లో వేతనం 13 డాలర్లకు చేరినపుడు తక్కువ వేతనపు ఉద్యోగాలలో పనిగంటలు సుమారు 9 శాతం తగ్గాయని వాషింగ్టన్ విశ్వవిద్యాలయ బృందం 2017లో తెలిపింది. అదే సమయంలో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు బర్కిలీ బృందం ఆహార సేవల రంగంలో ఉద్యోగాలు తగ్గలేదని తెలిపింది. యువకుల దృష్టితో చూస్తే వాషింగ్టన్ బృందం 2018లో ఇచ్చిన రెండవ నివేదిక ముఖ్యమైనది. అప్పటికే పనిలో ఉన్న అనుభవజ్ఞులు లాభపడ్డారని, కొత్తగా తక్కువ వేతనపు పనులలోకి వచ్చేవారి రాక మాత్రం సుమారు 8 శాతం తగ్గిందని అందులో ఉన్నది. ఉన్నవారిని తీసివేయకపోయినా కొత్తవారిని తీసుకోకపోవడం వలన భారం మొదటి ఉద్యోగం వెతుక్కొనేవారిపై పడవచ్చునని దీని వలన తెలుస్తుంది.

సమాఖ్య కనీస వేతనం 2009 జులై 24న 7.25 డాలర్లయింది. 2025 చివరి వరకు అది మారలేదు. అయితే అనేక రాష్ట్రాలలో ఇంతకంటె ఎక్కువ కనీస వేతనం అమలులో ఉన్నది. 1996 సవరణ ప్రకారం 20 సంవత్సరాల లోపు వారికి పనిలో చేరిన మొదటి 90 రోజులు గంటకు 4.25 డాలర్లు చెల్లించవచ్చును.

వయసును బట్టి వేతనం

కొన్ని దేశాలు యువకులు పని కోల్పోకుండా ఉండడానికి వారికి పెద్దల కంటె తక్కువ కనీస వేతనాన్ని నిర్ణయించాయి. ఈ హద్దులు పరిశోధకులకు మంచి అవకాశాన్ని ఇచ్చాయి. పుట్టినరోజు దాటగానే వేతనం మారుతుంది కాని మనిషి సామర్థ్యం ఒక్కరోజులో మారదు కదా!

బ్రిటన్

బ్రిటన్‌లో జాతీయ కనీస వేతనం 1999 ఏప్రిల్ 1న అమలులోకి వచ్చింది. 22 సంవత్సరాలు నిండినవారికి గంటకు 3.60 పౌండ్లు, 18-21 వారికి 3.00 పౌండ్లుగా నిర్ణయించారు. 16-17 వారికి 2004లో ప్రత్యేక రేటు వచ్చింది. పెద్దల రేటు మొదలయ్యే వయసును 2010లో 21కి తగ్గించారు. 2016లో 25 నిండినవారికి ఇంకా ఎక్కువ రేటును ప్రవేశపెట్టి, ఆ వయసును 2021లో 23కు, 2024లో 21కి తగ్గించారు. 2025 ఏప్రిల్‌లో 21 నిండినవారికి 12.21 పౌండ్లు, 18-20 వారికి 10.00 పౌండ్లు, 16-17 వారికి 7.55 పౌండ్లుగా నిర్ణయించారు. ఈ రేట్లను ప్రభుత్వానికి సిఫారసు చేసేది లో పే కమిషన్ అనే సంస్థ. ఇందులో యజమానుల పక్షం, కార్మికుల పక్షం, ఆర్థిక నిపుణులు ఉంటారు.

22వ పుట్టినరోజుకు ఇరువైపులా ఉన్న యువకులను రిచర్డ్ డికెన్స్, రెబెక్కా రైలీ, డేవిడ్ విల్కిన్సన్ పోల్చారు. తక్కువ నైపుణ్యం గలవారిలో ఉద్యోగాలు 22 దాటాక 2 నుండి 4 శాతాంశాలు పెరిగినట్లు వారు 2014లో ప్రచురించారు. వేతనం పెరగడం వలన పనికి రావాలన్న ఆసక్తి పెరగడం దీనికి ఒక కారణమని భావించవచ్చు.

డెన్మార్క్

డెన్మార్క్‌లో కనీస వేతన చట్టం లేదు. కార్మిక సంఘాలు, యజమానుల సంఘాలు కుదుర్చుకొన్న ఒప్పందాల ప్రకారం వేతనాలు ఉంటాయి. 18 సంవత్సరాలు నిండగానే సగటు వేతనం సుమారు 40 శాతం పెరుగుతుంది. క్రైనర్, రెక్, స్కోవ్ అనే పరిశోధకులు 2020లో ప్రచురించిన వ్యాసం ప్రకారం ఆ వయసు దాటగానే ఉద్యోగంలో ఉన్నవారి సంఖ్య 33 శాతం తగ్గుతుంది. అంటే వ్యాకోచత్వం సుమారు -0.8.

బ్రిటన్, డెన్మార్క్ ఫలితాలు పరస్పర విరుద్ధంగా కనబడతాయి. కాని బ్రిటన్‌లో హద్దు వద్ద పెరుగుదల సుమారు 20 శాతం, డెన్మార్క్‌లో దానికి రెట్టింపు. పైగా డెన్మార్క్‌లో 18 నిండినవారిని తీసివేసి అదే పనికి 17 ఏళ్ళవారిని పెట్టుకొనే వీలు యజమానికి ఉన్నది. కనుక ఇది వయసును బట్టి వేతనాన్ని విడదీయడంలోని దోషమని కూడా చెప్పవచ్చు.

న్యూజిలాండ్

న్యూజిలాండ్‌లో 20 ఏళ్ళలోపు వారికి పెద్దల రేటులో 60 శాతమే ఉండేది. 2001 మార్చిలో 18, 19 ఏళ్ళవారికి పూర్తి రేటు వర్తింపజేశారు. 16, 17 ఏళ్ళవారికి 2001లో 70 శాతం, 2002లో 80 శాతం చేశారు. పెద్దల రేటు కూడా పెరగడంతో 18-19 వారి కనీస వేతనం ఒకేసారి 69 శాతం, 16-17 వారిది రెండేళ్ళలో 41 శాతం పెరిగింది. డీన్ హిస్లాప్, స్టీవెన్ స్టిల్‌మన్ జరిపిన పరిశోధనలో, ఇంత పెద్ద పెంపు తరువాత కూడా ఉద్యోగాలు తగ్గినట్లు గట్టి ఆధారం కనబడలేదు. కాని చదువులో కొనసాగేవారి సంఖ్య కొంత తగ్గినట్లు సూచనలు కనబడ్డాయి.

ఇతర దేశాలు

నెదర్లాండ్స్‌లో పూర్తి వేతనం లభించే వయసును 2017లో 23 నుండి 22కు, 2019లో 21కి తగ్గించారు. జర్మనీ 2015 జనవరి 1న గంటకు 8.50 యూరోల కనీస వేతనాన్ని ప్రవేశపెట్టింది. వృత్తి శిక్షణ పూర్తిచేయని 18 ఏళ్ళలోపు వారిని దీనినుండి మినహాయించింది. వేతనానికి ఆశపడి శిక్షణ మానివేయకుండా ఉండడమే ఈ మినహాయింపు ఉద్దేశం.

చదువుపై ప్రభావం

ఉద్యోగాల సంఖ్య ఒక్కటే చూస్తే సరిపోదు. వేతనం పెరిగినపుడు చదువుకుంటున్న కొందరు చదువు మాని పనికి వస్తారు. యజమాని కూడా ఎక్కువ వేతనం ఇవ్వవలసి వచ్చినపుడు కాస్త చదువుకున్నవారినే ఎంచుకుంటాడు. అపుడు అంతకుముందు ఆ పని చేస్తున్న తక్కువ చదువు గలవారు పనిని కోల్పోతారు. మొత్తం ఉద్యోగాల సంఖ్య మారకపోయినా లోపల మనుషులు మారిపోతారు. న్యూమార్క్, వాషర్ 1990లలో అమెరికా గణాంకాల ద్వారా ఈ విషయాన్ని ఎత్తిచూపారు.

దీనికి మరొక పక్షం కూడా ఉన్నది. గంటకు వేతనం పెరిగితే విద్యార్థి తక్కువ గంటలు పనిచేసి అదే ఫీజు కట్టుకోగలడు, మిగిలిన సమయం చదువుకు దక్కుతుంది. తల్లిదండ్రుల వేతనం పెరిగితే పిల్లలను పనికి పంపవలసిన అవసరం తగ్గుతుంది.

భారతదేశంలో

భారతదేశంలో కనీస వేతనాల చట్టం 1948 మార్చి 15న అమలులోకి వచ్చింది. షెడ్యూలులో చేర్చిన వృత్తులకు మాత్రమే అది వర్తించేది. అయిదేళ్ళకు మించకుండా వేతనాలను సవరించాలని అందులో ఉన్నది. 14 నిండి 18 నిండనివారిని కౌమారులుగా నిర్వచించి, పెద్దలకు, కౌమారులకు, బాలలకు, అప్రెంటిసులకు వేరువేరు రేట్లు నిర్ణయించే అవకాశాన్ని ఆ చట్టం ప్రభుత్వాలకు ఇచ్చింది.

కనీస వేతనం ఎంత ఉండాలన్నదానికి 1957లో జరిగిన 15వ భారత కార్మిక సమావేశం ప్రమాణాలను సూచించింది. ఒక కార్మికుని కుటుంబాన్ని మూడు వినియోగ యూనిట్లుగా లెక్కించి, ఒక్కొక్క యూనిట్‌కు 2700 కేలరీల ఆహారం, కుటుంబానికి ఏడాదికి 72 గజాల బట్ట, ఇంటి అద్దె, వంటచెరకు, దీపం ఖర్చులు కలపాలని పేర్కొన్నది. పిల్లల చదువు, వైద్యం మొదలైనవాటికి 25 శాతం అదనంగా చేర్చాలని సుప్రీంకోర్టు 1991లో చెప్పింది. కనీస వేతనం కంటె తక్కువ చెల్లించి పని చేయించుకోవడం రాజ్యాంగంలోని 23వ అధికరణం నిషేధించిన వెట్టిచాకిరీతో సమానమని 1982లో ఆసియా క్రీడల నిర్మాణ కార్మికుల కేసులో అదే న్యాయస్థానం తీర్పు చెప్పింది.

2019లో పార్లమెంటు ఆమోదించిన వేతనాల కోడ్ 1948 చట్టంతోపాటు మరి మూడు చట్టాల స్థానంలో 2025 నవంబరు 21న అమలులోకి వచ్చింది. షెడ్యూలు వృత్తులన్న పరిమితి తొలగి కనీస వేతన హక్కు అన్ని ఉపాధులకు విస్తరించింది. కేంద్రం నిర్ణయించే కనిష్ఠ స్థాయి కంటె తక్కువగా రాష్ట్రాలు వేతనాన్ని నిర్ణయించకూడదు. అంతకుముందు 1996లో రోజుకు 35 రూపాయలుగా మొదలై 2017లో 176 రూపాయలకు చేరిన జాతీయ స్థాయి వేతనం సలహా మాత్రమే, చట్టబద్ధమైనది కాదు.

1961 అప్రెంటిసుల చట్టం కింద శిక్షణ పొందేవారు కార్మికులుగా పరిగణింపబడరు, వేతనాల కోడ్ కూడా వారికి వర్తించదు. వారికి ఇచ్చేది వేతనం కాదు, స్టైపెండు. 2019 నిబంధనల ప్రకారం విద్యార్హతను బట్టి ఇది నెలకు కనీసం 5,000 నుండి 9,000 రూపాయలుగా నిర్ణయింపబడింది.

ఆంధ్ర ప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాలలో వేతనాలను నైపుణ్యం లేని, కొంత నైపుణ్యం గల, నైపుణ్యం గల పనులుగా విభజించి నిర్ణయిస్తారు. ధరల సూచిని బట్టి ఏప్రిల్, అక్టోబరు నెలలలో కరువు భత్యం మారుతుంది. కాబట్టి ఈ రాష్ట్రాలలో బట్టల దుకాణంలోనో హోటలులోనో కొత్తగా చేరిన యువకుని వేతనాన్ని నిర్ణయించేది అతని పని వర్గమే కాని వయసు కాదు.

అయితే పాశ్చాత్య దేశాల ఫలితాలను భారతదేశానికి నేరుగా అన్వయించడం కష్టం. దీనికి మూడు కారణాలు.

* శ్రామికులలో ఎక్కువమంది అసంఘటిత రంగంలో ఉన్నారు. చట్టంలో వేతనం పెరిగినా చేతికి వచ్చేది పెరగకపోవచ్చు. చట్టం అమలయ్యే చోట పని దొరకనివారు అమలు కాని చోటికి మళ్ళుతారు.
* శిక్షణ పేరుతో తక్కువ జీతానికి పని చేయించుకొనే వీలున్నది. తమకు రావలసిన వేతనం ఎంతో కొత్తగా పనిలో చేరే యువకులలో చాలామందికి తెలియదు.
* యువ నిరుద్యోగం వేతనాల వలన మాత్రమే ఏర్పడినది కాదు. 2023-24 శ్రామిక సర్వే ప్రకారం 15 నిండినవారందరిలో నిరుద్యోగం 3.2 శాతం కాగా 15-29 వయసు వారిలో 10.2 శాతం. చదువుకు తగిన ఉద్యోగం కోసం, పోటీ పరీక్షల కోసం ఎదురుచూడడం కూడా ఇందులో కలిసి ఉన్నది.

లెక్కింపులో చిక్కులు

కనీస వేతనం 10 శాతం పెరిగినంత మాత్రాన యువకులందరి వేతనం 10 శాతం పెరగదు. వారిలో కొందరు ముందే అంతకంటె ఎక్కువ పొందుతుంటారు. సగటున 4 శాతమే పెరిగి, ఉద్యోగాలు 2 శాతం తగ్గితే కనీస వేతనంతో పోల్చిన వ్యాకోచత్వం -0.2, నిజంగా పెరిగిన వేతనంతో పోల్చినది -0.5. ఈ రెండింటిని కలగాపులగం చేయడం వలన అనేక వాదోపవాదాలు వచ్చాయి. అలాగే ఉద్యోగాల సంఖ్య తగ్గకుండా పనిగంటలు తగ్గవచ్చు, లేదా యజమాని వస్తువు ధర పెంచవచ్చు, శిక్షణ తగ్గించవచ్చు. వేతనం నచ్చి పని మానేవారు తగ్గితే యజమానికి కొత్తవారికి నేర్పే ఖర్చు తగ్గి కొంత లాభం కూడా కలుగుతుంది.

సారాంశం

పరిశోధకుల మధ్య అభిప్రాయ భేదాలు ఉన్నప్పటికీ కొన్ని విషయాలలో స్థూలంగా అంగీకారం ఉన్నది. ఆ ప్రాంతపు సగటు వేతనంతో పోలిస్తే కొద్దిపాటి పెంపు వలన యువకుల ఉద్యోగాలపై ప్రభావం స్వల్పం. పెంపు పెద్దదైనపుడు, లేదా వయసు హద్దు వద్ద ఒక్కసారిగా జరిగినపుడు నష్టం కనబడే అవకాశం ఎక్కువ. నష్టం జరిగినపుడు అది పనిలో ఉన్నవారికంటె ఇంకా పని దొరకనివారిపై, చదువు తక్కువైనవారిపై ఎక్కువగా పడుతుంది. చట్టం సరిగా అమలు కాని చోట వేతనపు అంకె కంటె అమలు ముఖ్యమవుతుంది.

ఇవి కూడా చూడండి

* కనీస వేతనం
* నిరుద్యోగం
* బాల కార్మికులు
* వెట్టిచాకిరీ
* అంతర్జాతీయ కార్మిక సంస్థ